కొండలయ్య ఎవరి పక్క?

సాదిక్ ఫోన్ చేసే వేళకు కొండలయ్య గొర్రెల తొట్టిలో నీళ్ళు పోస్తున్నాడు.

"మామా, గెలిచినాం! ఫైనలుకు వచ్చినాం!"

చేతిలోని బకెట్ జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు కొండలయ్యకు. ఉదయగిరి దుర్గం ఫుట్‌బాల్ క్లబ్బు ఫైనలు ముఖం చూసి పంతొమ్మిదేళ్ళయింది.

"నిజమేనా రా? ఒట్టేసి చెప్పు."

"మా అబ్బా మీద ఒట్టు మామా. రెండు గోల్స్ కొట్టినాం, ఒక్కటి కూడా ఇయ్యలేదు."

"ఆత్మకూరు టోర్నమెంటే గదా? వేరే ఏదో కాదు గదా?"

"అదే మామా. వచ్చే ఆదివారం, సాయంత్రం నాలుక్కి ఫైనలు."

"ఎవురితో?"

వెనకాల ఎవరో కేకలు వేస్తున్నారు, ఎవరో డప్పు కొడుతున్నారు. సాదిక్ కొంచెం పక్కకు నడిచి వచ్చినట్టున్నాడు, గొంతు తగ్గించి అన్నాడు.

"టౌన్ క్లబ్బుతో మామా."

కొండలయ్య తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆత్మకూరు టౌన్ క్లబ్బుకు ముందు వరసలో ఆడే మాధవ్ ఆయన కూతురి కొడుకు.

ఆ సెమీఫైనలుకు కూడా కొండలయ్య వెళ్ళవలసినవాడే. సరిగ్గా ఆ రోజే పశువుల డాక్టరు జీవాలకు టీకాలు వేయడానికి వస్తానన్నాడు. నలభై గొర్రెలను ఎవరో ఒకరు పట్టుకోవాలి. పైగా దుర్గం క్లబ్బు సెమీఫైనలులో గెలుస్తుందని కొండలయ్యే కాదు, ఆడినవాళ్ళు కూడా అనుకోలేదు.

కొండలయ్యకు అరవై ఆరేళ్ళు. పదహారేళ్ళప్పుడు, హైస్కూలు డ్రిల్లు మాస్టారు పదకొండు మందిని పోగేసి క్లబ్బు పెట్టిన నాడు, ఆయన పన్నెండోవాడు. ఆ పదకొండు మందిలో ఒకడికి టైఫాయిడ్ రావడంతో చొక్కా దొరికింది. ఆకుపచ్చ చొక్కా, తెల్ల కాలరు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు మధ్య వరసలో ఆడి మొత్తం నాలుగు గోల్స్ కొట్టాడు. అందులో ఒకటి సొంత గోల్‌లోకే వెళ్ళింది. మోకాలు పోయాక ఆట మానేశాడు గానీ మైదానం మానలేదు. ఆట ఉన్న రోజు తెల్లారకముందే వెళ్ళి ముగ్గు పిండితో గీతలు గీసేవాడు, చిరిగిన నెట్టు కుట్టేవాడు, గోల్ వెనకాల నిలబడి గొంతు పోయేదాకా అరిచేవాడు. పెళ్ళి రోజు కూడా తాళి కట్టిన మూడో గంటకు మైదానంలో ఉన్నాడని ఆయన భార్య పోలేరమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది.

ఆయన వయసులో ఉండగా ఆత్మకూరు టౌన్ క్లబ్బువాళ్ళు ఒకసారి పిలిపించారు. మార్కెట్ యార్డులో వాచ్‌మన్ పని ఇప్పిస్తామన్నారు, తమకు ఆడమన్నారు. ఆయన అంత గొప్ప ఆటగాడేమీ కాదు, వాళ్ళకు ఆ ఏడు మనిషి తక్కువయ్యాడు, అంతే. కొండలయ్య వాళ్ళు తెప్పించిన భోజనం కూడా తినకుండా బస్సెక్కి వచ్చేశాడు. ఆ పనిలో చేరి ఉంటే గొర్రెల వెనక తిరిగే బాధ తప్పేదని పోలేరమ్మ ఏడాదికోసారి గుర్తుచేస్తుంది. ఆయన ఏడాదికోసారి విని ఊరుకుంటాడు.

కూతురు రేణుకాదేవిని ఆత్మకూరులోనే ఇచ్చారు. అల్లుడు కోటేశ్వర్ బస్సు డిపోలో మెకానిక్. పెళ్ళి మాటల నాడు కోటేశ్వర్ తండ్రి సరదాకి, "ఇంకేం వియ్యంకుడు గారూ, ఇక నుంచి మీరూ టౌన్ క్లబ్బే గదా!" అన్నాడు. కొండలయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, "పిల్లనిస్తా గానీ క్లబ్బునియ్యను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

మాధవ్ ప్రతి ఎండాకాలం సెలవులకు ఉదయగిరి వచ్చేవాడు. గొర్రెల దొడ్డి వెనక ఖాళీ జాగాలో తాత వాడికి బంతి ఆపడం నేర్పాడు, ఎడమ కాలితో తన్నడం నేర్పాడు, పడితే ఏడవకుండా లేవడం నేర్పాడు. వాడు పుట్టింది ఆత్మకూరులో, చదివేది ఆత్మకూరులో. పద్దెనిమిదేళ్ళు నిండగానే టౌన్ క్లబ్బువాళ్ళు ఎర్ర చొక్కా ఇచ్చారు. ఆ సంగతి వాడు ఫోన్లో భయపడుతూనే చెప్పాడు. కొండలయ్య, "మంచిది రా. బూట్లు ఉండాయా?" అని మాత్రం అడిగి, వారం తిరక్కుండా కొత్త బూట్లు పంపించాడు.

అప్పటి నుంచి రెండేళ్ళుగా తాతా మనవళ్ళ క్లబ్బులు ఎదురుపడలేదు. దుర్గం క్లబ్బు ప్రతిసారీ మొదటి ఆటలోనే ఓడి ఇంటికి వచ్చేస్తుంటే ఎదురుపడేదెక్కడ!

మర్నాడు పొద్దున కొండలయ్య బడే సాహెబ్ ఇంటికి వెళ్ళాడు. బడే సాహెబ్ ఆయనతో కలిసి ఆడినవాడు, ఇప్పుడు క్లబ్బు ప్రెసిడెంటు, గోలీ సాదిక్ తండ్రి. కొండ చెక్కతో గరిటెలు, స్పూన్లు చెక్కడం వాళ్ళ ఇంటి పని. అరుగు మీద కూర్చుని, ఒక గరిటెను కాలి వేళ్ళ మధ్య ఇరికించి అంచు నున్నగా చేస్తున్నాడు.

"రా రా కొండయ్యా. నీ కోసమే చూస్తా ఉండా. కూచో."

"ఏంది సంగతి?"

"ఇంకేం సంగతి, ఫైనలే. మనోళ్ళు ఈసారి బాగా ఆడతా ఉండారు. గోల్‌లో సాదిక్ ఉండాడు, ముందు పెంచలప్రసాద్ ఉండాడు. అవతల భయపడాల్సినోడు ఒక్కడే. నీ మనవడు."

ఆ మాటకు కొండలయ్యకు లోపల గర్వంగా అనిపించింది. అది ముఖంలో కనపడకుండా మీసం దువ్వుకున్నాడు.

"వాడికి ఆట నేర్పింది నువ్వు" అన్నాడు బడే సాహెబ్. "యాడ తడబడతాడు, ఎవుర్ని చూసి జంకుతాడు, పెనాల్టీ వస్తే ఏ పక్క కొడతాడు, ఇవన్నీ నీకు తెలవకుండా ఉంటాయా?"

"తెలుసు."

"అయితే చెప్పు."

"చెప్పను."

బడే సాహెబ్ చేతిలో ఉలి ఆగింది. "యాభై ఏళ్ళ నుంచి క్లబ్బంటే ప్రాణమంటివే!"

"ఇప్పుడూ ప్రాణమే. నాది ఏదడిగినా ఇస్తా. ఇది నాది కాదు గదా బడే. ఎనిమిదేళ్ళ పిలగాడు నన్ను నమ్మి నా ముందర తన్ని చూపించినాడు. దాన్ని తెచ్చి నీ చేతిలో ఎట్ట పెట్టేది?"

బడే సాహెబ్ మళ్ళీ గరిటె చెక్కడంలో పడ్డాడు. పొట్టు ఒళ్ళో పడుతోంది.

"అయితే ఆ రోజు యాడ నిలబడతావు?"

"ఎప్పుడూ నిలబడే చోటే. గోల్ వెనకాల."

"ఎవురి గోల్?"

"మనది. అంత అనుమానంగా ఉండాదా నీకు?"

"అనుమానం కాదులే. అడిగి పెట్టుకుంటే మంచిది గదా" అని బడే సాహెబ్ నవ్వి, లోపలికి టీ కోసం కేక వేశాడు.

ఆ వారమంతా ఉదయగిరిలో కొండలయ్య ఏ అంగడికి పోయినా ఒకటే ప్రశ్న. "ఏమన్నా, ఎవురి పక్క?" బస్టాండులో పండ్లమ్మే నారాయణయ్య అయితే రోజూ పందెం పెట్టుకున్నట్టే అడిగేవాడు. కొండలయ్య అందరికీ ఒకటే జవాబు చెప్పాడు, "నా పక్క యాభై ఏళ్ళ నుంచి మారలేదు." చెప్పేటప్పుడు గొంతు గట్టిగానే ఉండేది. ఇంటికి వచ్చి పడుకున్నాక మాత్రం, మాధవ్ గోల్ కొడితే తాను సంతోషించాలా ఏడవాలా అన్నది తేలేది కాదు.

పోలేరమ్మకు ఆ ఇబ్బంది లేదు. "నేను నా మనవడి పక్క. నాకు క్లబ్బూ లేదు గిబ్బూ లేదు" అని తేల్చేసింది. "నువ్వు మీ గోల్ వెనక నిలబడుకో. నేను నా బిడ్డ పక్కన కూచుంటా. బస్సులో మాత్రం కలిసే పోదాం, రానూ పోనూ."

శనివారం సాయంత్రం మాధవ్ ఫోన్ చేశాడు.

"తాతా, రేపు వస్తా ఉండారు గదా?"

"రాకుండా ఉంటానా?"

"ఒక మాట చెప్పాలని చేసినా. నువ్వు నా కోసమని మొహమాటపడొద్దు. మీ పక్కనే నిలబడి మీ వాళ్ళ కోసమే అరువు. నేను చిన్నప్పటి నుంచి చూసిన తాత అట్టనే ఉంటాడు. నువ్వు మారినావంటే నాకు భయమేస్తాది."

కొండలయ్య ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "నువ్వు బాగా తిని నిద్రపో" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆత్మకూరు మైదానం చుట్టూ జనం చేరిపోయారు. ఉదయగిరి నుంచి రెండు ట్రాలీ ఆటోలు, ఒక వ్యాను వచ్చాయి. ఆకుపచ్చ జెండాలు పట్టుకున్నవాళ్ళు నూరు మంది లేరు, అరుపులు మాత్రం వెయ్యి మందివి. మైదానానికి ఒక పక్క రోడ్డు, ఎదురు పక్క స్కూలు గోడ. రోడ్డు పక్కన ఆడవాళ్ళకని షామియానా వేశారు. దాని కింద రేణుకాదేవి, పోలేరమ్మ ముందు వరసలో కూర్చున్నారు. రేణుక తండ్రిని చూసి చెయ్యి ఊపలేదు. చూడనట్టే కొంగు సర్దుకుంది.

ఆట మొదలైన పావుగంటకే పెంచలప్రసాద్ గోల్ కొట్టాడు. ఊళ్ళో కరెంటు పనులు చేసుకునే మనిషి, స్తంభం ఎక్కినట్టే ఇద్దరి భుజాల మీదుగా లేచి తలతో కొట్టాడు. కొండలయ్య ఎగిరి గంతేసి, మోకాలు పట్టేస్తే గోల్ స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, మోకాలి వల్లే అని పక్కవాళ్ళతో అన్నాడు.

విరామం తర్వాత జట్లు గోల్స్ మారాయి. కొండలయ్య కూడా సాదిక్ వెనకాలే నడిచి అవతలి కొసకు వెళ్ళాడు. అక్కడ నిలబడి పది నిమిషాలైనా కాలేదు, మాధవ్ బంతితో వచ్చేశాడు. ఒకణ్ణి కుడి పక్క నుంచి, ఒకణ్ణి ఎడమ పక్క నుంచి దాటేసి, సాదిక్ ముందుకు ఉరికితే వాడి కాళ్ళ మధ్య నుంచి లోపలికి తోశాడు. బంతి నెట్టుకు తగిలి కొండలయ్య ఎదురుగా ఆగింది. ఆ ఎడమ కాలి మలుపు గొర్రెల దొడ్డి వెనక నేర్పిందే. కొండలయ్య చేతులు చప్పట్లకని లేచాయి. పక్కనే బడే సాహెబ్ ఉన్నాడు. లేచిన చేతులను కొండలయ్య తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకోవడానికి వాడాడు.

"బాగా కొట్టినాడు" అన్నాడు బడే సాహెబ్, ఆయన వైపు చూడకుండానే. "ఒప్పుకోవాలి."

ఇంకో ఇరవై నిమిషాలకు దుర్గం మళ్ళీ ఒక గోల్ కొట్టింది. పెంచలప్రసాద్ తన్నిన బంతి ఎవరి తొడకో తగిలి వంకరగా పోయి లోపల పడింది. ఎట్టా పడితే ఏం, స్కోరు ఇప్పుడు రెండు, ఒకటి. ఉదయగిరివాళ్ళు డప్పులు అందుకున్నారు. ఆట అయిపోవడానికి నాలుగు నిమిషాలున్నాయి.

అప్పుడు దుర్గం ఆటగాడొకడు అలిసిపోయి, తన పక్క నుంచి దూసుకుపోతున్న మాధవ్ చొక్కా పట్టి లాగాడు. రెఫరీ విజిల్ వేసి పెనాల్టీ గుర్తు చూపించాడు. మైదానమంతా ఒక్కసారి అరిచి, ఒక్కసారే నిశ్శబ్దమైపోయింది. డప్పు కూడా ఆగింది.

మాధవ్ బంతి తీసుకుని గుర్తు మీద పెట్టాడు.

కొండలయ్యకు తెలుసు. మాధవ్ పెనాల్టీ ఎప్పుడూ ఒకే పక్కకు కొడతాడు. తన ఎడమ చేతి పక్కకు, నేలబారుగా, స్తంభం మొదట్లోకి. ఎనిమిదేళ్ళప్పటి నుంచి అంతే. ఈ రోజు ఆ పక్క అంటే రోడ్డు పక్క.

సాదిక్ గీత మీద నిలబడి, గ్లవుజులు సర్దుకుంటున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగాడు. ముప్పై రెండేళ్ళవాడు, చెమటతో ముఖమంతా మట్టి. "మామా" అన్నాడు. అడగవలసిందంతా ఆ చూపులోనే ఉంది.

రోడ్డు. ఒక్క మాట. నోట్లోంచి రానక్కర్లేదు, పెదవి కదిపినా చాలు. పంతొమ్మిదేళ్ళ నుంచి ఉదయగిరికి కప్పు రాలేదు. తనతో ఆడినవాళ్ళలో ఎనిమిది మంది దాన్ని మళ్ళీ చూడకుండానే పోయారు. మిగిలినవాళ్ళలో ఒకడు తన పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టాడు. తెలియకుండానే కొండలయ్య చూపు రోడ్డు పక్కకు పోయింది. అక్కడ షామియానా కింద రేణుక లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, సూటిగా తన వైపే చూస్తోంది.

ఆ చూపు కొండలయ్య తట్టుకోలేకపోయాడు. గబుక్కున ముఖం తిప్పేసుకున్నాడు. తిప్పుకుంటే ఎదురుగా స్కూలు గోడ కనపడింది. గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. 'చేతులు శుభ్రంగా కడుక్కోండి.' ఆ మాటలనే ఒకసారి, రెండోసారి చదువుకున్నాడు. మూడోసారి చదువుతుండగా దబ్బుమని చప్పుడైంది. ఆ తర్వాత అరుపులు.

ఏం జరిగిందో ఆయన చూడనే లేదు. తిరిగి చూసేసరికి సాదిక్ గోడ పక్క నేల మీద పడి ఉన్నాడు, బంతి వాడి పొట్ట కింద ఉంది. దుర్గం ఆటగాళ్ళంతా వాడి మీద పడుతున్నారు. మాధవ్ పెనాల్టీ గుర్తు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

మిగిలిన నిమిషాలు ఎట్టా గడిచాయో ఎవరికీ తెలియలేదు. చివరి విజిల్ పడగానే సాదిక్ పరుగెత్తుకుంటూ వచ్చి కొండలయ్యను అమాంతం ఎత్తేశాడు.

"మామా! నువ్వు గోడ పక్కకి మొహం తిప్పినావు చూడు, అప్పుడే అర్థమైపోయినాది!"

కొండలయ్య గాలిలోనే బిగుసుకుపోయాడు. "నేను నీకేమీ చెప్పలేదు రా!"

"అవును మామా. నోటితో చెప్పలేదు" అని సాదిక్ కన్ను గీటాడు.

"దించురా నన్ను! ఒట్టు, నేను ఊరికే తిరిగినా. రేణుకమ్మ ముఖం చూడలేక తిరిగినా!"

ఎవరు వింటారు? అప్పటికే ఆ మాట ఆకుపచ్చ జెండాల మధ్య ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. క్లబ్బు కోసం సొంత మనవణ్ణి కూడా చూడలేదంట, కొండలయ్యంటే కొండలయ్యే అంటున్నారు. బడే సాహెబ్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేస్తున్నాడు. "అరుగు మీద చెప్పనంటివి గదరా దొంగనాయాలా!" అన్నాడు ఏడుపులోనే.

కొండలయ్య ఆ గుంపులోంచి ఎలాగో బయటపడి మనవడి దగ్గరికి వెళ్ళాడు. మాధవ్ మైదానం మధ్యలో ఒక్కడే కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. కొండలయ్య మోకాలు పట్టుకుని మెల్లగా పక్కన చతికిలబడ్డాడు.

మాధవ్ తలెత్తాడు. ఏడుస్తున్నాడనుకుంటే, వాడి కళ్ళలో ఆశ్చర్యం ఉంది.

"తాతా, నువ్వు నిజంగా మనిషివి కాదు."

"నాయనా, నేను..."

"నేను రోడ్డు పక్కకు కొడతానని నువ్వు సాదిక్ అన్నకు చెప్తావని నాకు తెలుసు. చెప్పకుండా ఎట్ట ఉంటావు, నీ క్లబ్బు గదా. అందుకని మార్చి గోడ పక్కకు కొట్టినా. నేను మార్చి కొడతానని కూడా నీకు ముందే ఎట్ట తెలిసినాది?"

కొండలయ్య వాడి ముఖంలోకి చూశాడు. అటు సాదిక్, ఇటు మాధవ్. తాను ఏం చేస్తాడో ఇద్దరికీ అంత గట్టిగా తెలుసు. తెలియనిది తనకొక్కడికే.

"ఒరే మాధవా. నేను ఎవురికీ ఏమీ చెప్పలేదురా" అన్నాడు. వాడు నమ్మడేమోనని, బడే సాహెబ్ అరుగు మీద అన్న మాట దగ్గర నుంచి గోడ మీది రాత దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. రెండు అక్షరాలు నాలుక చివరి దాకా వచ్చిన సంగతి కూడా దాచలేదు.

మాధవ్ విన్నాడు. విప్పిన బూటును పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా నవ్వు మొదలైంది.

"అయితే నేను ఎప్పటిలాగా రోడ్డు పక్కకే కొట్టుంటే?"

"గోల్ అయ్యుండేది. సాదిక్ గోడ పక్క దుమ్ములో పొర్లేవాడు."

"అంటే నిన్ను నమ్మి చెడిపోయినా!" అని వాడు గడ్డిలో వెనక్కి పడి నవ్వసాగాడు. కప్పు పోగొట్టుకున్నవాడు అంత నవ్వడం చూసి టౌన్ క్లబ్బువాళ్ళు కంగారుగా నడిచి వచ్చి వాణ్ణి లేపి భుజాల మీద ఎత్తుకున్నారు. కొండలయ్యకు కూడా నవ్వాగలేదు. ఆ వారంలో ఆయన కడుపారా నవ్వింది అప్పుడే.

రేణుకకు సంగతి మరో దారిలో, మరో రూపంలో చేరింది. చీకటి పడే వేళకు కొండలయ్య కూతురింటి గుమ్మంలో కాలు పెట్టగానే, "వచ్చినావా నాయనా? నా బిడ్డను ఓడగొట్టిచ్చి నా ఇంట్లో అన్నం తినడానికి వచ్చినావా?" అంది. పోలేరమ్మ ముఖం పక్కకు పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, తాత చెప్పలేదు" అన్నాడు మాధవ్.

"నువ్వూరుకోరా. ఊరంతా చెప్పుకుంటా ఉండారు."

"ఊరికి తెలవదు. నువ్వు చూసినావు గదా తాత వైపు? నీ చూపుకే తిరిగినాడు. ఒక రకంగా నన్ను ఓడగొట్టింది నువ్వే."

రేణుక తెల్లబోయింది. కోటేశ్వర్ అప్పటిదాకా నవ్వు ఆపుకుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఇక ఆపుకోలేకపోయాడు. "మామా, మీ ఇంట్లో ఆట ఆడేది ఒకడు, ఆడించేది ఇద్దరు" అన్నాడు. పోలేరమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేణుక కాసేపు కోపం నిలుపుకోవాలని చూసి, కుదరక వంటింట్లోకి పోయింది. తండ్రికని పొద్దున్నే చేసి పెట్టిన నాటుకోడి కూర వెచ్చబెట్టి, ఆయన కంచంలో రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

అన్నాలయ్యాక మాధవ్ తాత పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"తాతా, వచ్చే ఏడు నేను దుర్గానికి ఆడనా? నా కాగితాల్లో మీ ఊరి అడ్రసు పెట్టుకుంటే సరిపోతాది. బడే తాత కూడా అడిగినాడు."

ఈ మాట కోసం కొండలయ్య ఎన్నిసార్లు కలగన్నాడో లెక్కలేదు. ఆకుపచ్చ చొక్కాలో ఈ పిల్లవాడు ఎలా ఉంటాడో చాలాసార్లు ఊహించుకున్నాడు కూడా. ఇప్పుడు అడుగుతుంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"వద్దు నాయనా. నీకు చొక్కా ఇచ్చింది వాళ్ళు. నువ్వు ఓడినా నిన్ను భుజాల మీద మోసుకొచ్చింది వాళ్ళు. వాళ్ళను వదిలి వస్తే, నేను నీకు ఏం నేర్పినట్టు?"

"మరి మీకు ఎవురుండారు తాతా? పెంచలప్రసాద్ అన్నకు ముప్పై అయిదు. సాదిక్ అన్నకు ముప్పై రెండు. వెనక ఆడేవాళ్ళు ఇంకా పెద్దోళ్ళు. ఇంకో రెండు మూడేళ్ళు పోతే?"

అది కొండలయ్యకూ తెలుసు. కొన్నేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరూ క్రికెట్ బ్యాటు పట్టుకుని తిరుగుతుంటే చూసి, ఈ క్లబ్బు తనతోనే పోతుందేమోనని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు. పైకి ఎప్పుడూ అనలేదు.

"ఆడొద్దు" అన్నాడు. "వచ్చి నేర్పు. ఆదివారాలు నీకు కాలేజీ ఉండదు గదా. పొద్దున్నే బస్సెక్కితే ఎనిమిదికంతా వచ్చేస్తావు. మా అవ్వా తాతల ఇంటికి వచ్చినాను అంటే మీ క్లబ్బోళ్ళు మాత్రం ఏమంటారు?"

మాధవ్ తలూపాడు. "అవ్వ చేసే దోసెలు ఉంటాయా?"

"నీకు లేకపోతే ఇంకెవురికి రా!" అంది పోలేరమ్మ లోపలి నుంచి.

బడే సాహెబ్ కప్పును ఇంట్లో పెట్టుకోలేదు. అరుగు మీద, చెక్కిన గరిటెల వరస పక్కన పెట్టాడు. దారిన పోయే పిల్లలు ఆగి చూశారు, ముట్టుకున్నారు, అందులో తమ ముఖాలు చూసుకున్నారు. ఆదివారం పొద్దున్నుంచి ఆట నేర్పుతారు, ఉత్తికాళ్ళతో అయినా రావచ్చు అని ఆయన కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. గరిటెలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ముందు కొండలయ్య కథ విని, తర్వాతే గరిటె పట్టుకోవలసి వచ్చేది. ఆ కథలో కొండలయ్య గోడ వైపు తల తిప్పడమే కాదు, వేలు కూడా చూపించాడు. కొండలయ్య మొదట్లో రెండు మూడుసార్లు అడ్డం తగిలి, అట్టా కాదని చెప్పి చూశాడు. తర్వాత వదిలేశాడు.

మొదటి ఆదివారం పదకొండు మంది వస్తే గొప్ప అనుకున్నాడు. ముప్పై ఒక్క మంది వచ్చారు. అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఏడో తరగతి చదివే గోపిక అనే పిల్ల ముందే వచ్చి, "నేను గోలీగా ఉంటా" అని గోల్ స్తంభాల మధ్య నిలబడిపోయింది. ఎవరు చెప్పినా కదల్లేదు. సాదిక్ తన గ్లవుజులు తీసి ఆ పిల్లకు తొడిగాడు. మోచేతుల దాకా వచ్చాయి.

మాధవ్ ఎర్ర చొక్కాతోనే వచ్చాడు. బడే సాహెబ్ దూరం నుంచి చూసి, "అది తీసేసి రమ్మను! మా మైదానంలో ఎర్ర చొక్కానా?" అని కేకేశాడు.

"వాడి క్లబ్బు చొక్కా వాడేసుకుంటాడు" అన్నాడు కొండలయ్య. "మనకు కావల్సింది వాడి కాళ్ళు."

మాధవ్ పిల్లలను మూడు వరసలుగా నిలబెట్టాడు. బంతిని ఎలా ఆపాలో చూపించాడు. చూపించేటప్పుడు వాడి నోట్లోంచి వచ్చే మాటలన్నీ కొండలయ్యవే. "కాలు బిగపట్టొద్దు, మెత్తగా పెట్టు, బంతిని పలకరించినట్టుండాల" అంటున్నాడు. అవి ఎక్కడివో వాడికి గుర్తుందో లేదో. కొండలయ్య చేతులు వెనక్కి కట్టుకుని వింటూ నిలబడ్డాడు.

ఎండ ముదిరే వేళకు మాధవ్ చెమట తుడుచుకుంటూ తాత దగ్గరికి వచ్చాడు.

"ఆ గోపిక ఉండాది చూడు తాతా, భయం లేదు. ఆ చివర ఇద్దరు పిలగాళ్ళు కూడా బాగుండారు. మూడేళ్ళు గట్టిగా చేస్తే మంచి టీమవుతాది."

"మూడేళ్ళకు నీ మీదకే ఒక టీమును నువ్వే తయారు చేసి పంపిస్తావన్నమాట."

"పంపిస్తా. అప్పుడు పెనాల్టీ వస్తే మాత్రం నువ్వు యాడ నిలబడతావో ముందే చెప్పాల."

కొండలయ్య మనసులోనే లెక్క వేసుకున్నాడు. మూడేళ్ళకు అరవై తొమ్మిది.

"నేనుంటా లేరా" అన్నాడు.

ఇంతలో ముప్పై మంది ఒక్క బంతి వెనకపడి వాళ్ళ మీదికే దుమ్ము లేపుకుంటూ వచ్చేశారు. "తాతా, అడ్డం ఉండావు, జరుగు!" అని గోల్ లోంచి గోపిక అరిచింది. కొండలయ్య మోకాలి సంగతి మరచి ఒక్క అంగలో పక్కకు దూకాడు.